ఓబులమ్మవ్వ మునగని మోకాలు

నిన్న పొద్దున రాయదుర్గంలో మిషన్ మీద కూర్చుని జీన్స్ కుడుతున్నా. నాయన ఫోన్.

"రేయ్, అవ్వ పోయింది రా."

"యాడికి పోయింది?" అన్నాను.

నిజంగానే అడిగాను. మా అవ్వ అట్లాంటిది. ఎనభై దాటినా ఒక చోట కుదురుగా కూర్చునే మనిషి కాదు. నాకు వచ్చింది ఆ గుణమే అని అందరూ అంటారు.

"పెట్టె తెచ్చేదానికి మనిషిని పంపినా, నువ్వు రా" అన్నాడు నాయన. అప్పుడు అర్థమైంది.

మిషన్ ఆపేసి బస్సెక్కాను. షాక్‌లో ఏడుపు కూడా రాలేదు. దారిలో అవ్వ చెప్పే వంక కథ, అదే మా ఊరి వాగు కథ, గుర్తొచ్చింది. నవ్వొచ్చేసింది. పక్క సీట్లో పెద్దాయన నన్ను చూసి కొంచెం అటు జరిగాడు.

సోమందేపల్లె దగ్గర మా ఊళ్ళో ఈ కథ తెలియనివాళ్లు లేరు. మిగతా ఫ్రెండ్స్ కోసం రాస్తున్నా.

అరవైల్లో సంగతి. అవ్వ అప్పుడు కొత్త కోడలు. తాతవాళ్లది క్రైస్తవుల ఇల్లు. అవ్వ పుట్టింటివాళ్లు కాదు. కానీ అవ్వకి చర్చి తెగ నచ్చేసింది. ఆదివారం అందరికన్నా ముందు పోయి ఊడ్చేది. పాటైతే అందరికన్నా గట్టిగా పాడేది.

కానీ బాప్తిస్మం కాలేదు.

బాప్తిస్మం లేకపోతే సంఘంలో సభ్యురాలు కాదు. సభ్యురాలు కాకపోతే ప్రభువు బల్ల దగ్గర అందరికీ పంచే రొట్టె లేదు.

రొట్టె పళ్లెం పక్కనున్న అత్త దాకా వచ్చి, అవ్వని దాటుకుని పోయేది. పంక్తిలో కూర్చోబెట్టి ఆకు వేయనట్టు.

అవ్వ ఊరుకుంటుందా? సంఘ పెద్ద దావీదప్పని చర్చి వాకిట్లోనే నిలేసింది.

"కసువు ఊడ్చేదానికి పనికొస్తా, రొట్టెకు పనికిరానా మామా?"

దావీదప్ప రూల్ అంటే రూల్. "ముందు పెద్దలు ప్రశ్నలు అడగల్ల. తర్వాత నీళ్లలో ముంచేది. తర్వాత కుడిచెయ్యిచ్చి సంఘంలో చేర్చుకునేది. ఆ తర్వాతే రొట్టె. వరస తప్పేదానికి లేదమ్మా."

ప్రశ్నలకి అవ్వ ఎప్పుడో రెడీ.

నీళ్లే లేవు.

కరువు. చెరువంతా నెర్రెలు. నీళ్లున్న మోటబావి ఊళ్ళో ఒకటుంటే, దాంట్లో మావాళ్లని దిగనిచ్చేవాళ్లు కాదు.

"చెంబుతో నెత్తిన పోస్తే కాదా మామా?"

"కాదు. మునగల్ల."

అట్లా అవ్వ వానకోసం ఎదురుచూసింది. ఊరంతా పంటకోసం చూస్తుంటే, అవ్వ రొట్టెకోసం చూసింది.

ఒకరోజు మధ్యాహ్నం అందరూ నాలుగు చినుకులకే మొలిచిన చెనక్కాయ చేలో కలుపు తీస్తున్నారు. పైన ఎక్కడో పెద్ద వాన పడినట్టుంది, చేను పక్క వంక ఒక్కసారిగా పారింది. మా ఊరి వంక అంతే, పొద్దున వస్తే సాయంత్రానికి ఇసకే.

అదే టైంకి పక్క ఊరికి పోతున్న పాస్టర్ అయ్యగారు సైకిల్ పట్టుకుని గట్టున ఆగిపోయారు. దాటడానికి లేదు.

అవ్వ చూసింది. కొంగు నడుముకి బిగించి నేరుగా వంకలో దిగింది.

"అయ్యా! నీళ్లుండాయి, మీరుండారు, నేనుండా. ఇంకేం కావల్ల?"

దావీదప్ప చేలోంచి పరుగెత్తుకొచ్చాడు. "ప్రశ్నలు కాలేదు! ఆదివారం రామ్మా, అడుగుతాం."

"ఆదివారానికి వంక ఉంటాదా మామా? ఈడే అడుగు!"

అయ్యగారు నవ్వి సైకిల్ పడేశారు. పంచె ఎగ్గట్టి దిగారు. దావీదప్ప చేతికి మట్టితోనే గట్టున నిలబడి ప్రశ్నలు మొదలుపెట్టాడు. అవ్వ నడుం లోతు నీళ్లలో జవాబులు.

పాపం దావీదప్ప ఒక్క ప్రశ్న కూడా వదలలేదు. నీళ్లేమో నడుం నుంచి తొడల దాకా, తొడల నుంచి మోకాళ్ల దాకా దిగిపోతున్నాయి.

"బిరీన అడుగు మామా, తగ్గిపోతాండాయి!"

"ఉండమ్మా, ఇదే ఆఖరిది. సంఘం నిన్ను దిద్దితే కోపం తెచ్చుకుంటావా?"

"సంఘం దిద్దితే ఓర్చుకుంటా. నువ్వొక్కడివే దిద్దితే మాత్రం వస్తాది."

గట్టు మీద ఆడవాళ్లు ఒకటే నవ్వు.

అయ్యగారు అవ్వని నీళ్లలో పడుకోబెట్టారు. తల మునిగింది. ఒళ్లు మునిగింది. ఎడమ మోకాలు మాత్రం పైనే ఉండిపోయింది.

దావీదప్ప చూశాడు.

చూసి, మెల్లగా తల అటు తిప్పుకున్నాడు.

తర్వాత తనే వంకలో దిగి అవ్వకి కుడిచెయ్యిచ్చాడు. మట్టి చెయ్యి. వెనకాల కలుపు తీసేవాళ్లంతా వరసగా మట్టి చేతులే ఇచ్చారు.

ఆ ఆదివారం పళ్లెం అవ్వ దగ్గర ఆగింది.

ఓబులమ్మ అనే పేరు కూడా అవ్వ మార్చుకోలేదు. "పేరు మారిస్తే రేపు నన్ను కూలికి ఎవరు పిలుస్తారయ్యా?" అనిందంట.

ముసలితనంలో మోకాలు నొప్పి వస్తే తైలం రాస్తూ, "ఇది ఆ పొద్దు మునగని మోకాలు రా, ఇంకా మారుమనసు పొందలేదు" అనేది.

పోయినేడు నేను బాప్తిస్మం తీసుకున్నా. ఇప్పుడు దానికని చర్చి వెనక సిమెంటు తొట్టి ఉంది. అవ్వ దాన్ని చూసి, "ఎనుములు తాగే తొట్టి మాదిరి ఉండాది" అనింది. కానీ నేను పైకి రాగానే అందరికన్నా ముందు కుడిచెయ్యిచ్చింది అవ్వే.

"బడి మానేసినావు, పనులు మారుస్తాండావు. దీన్ని మాత్రం మానేసేదానికి లేదప్పా. చెయ్యిచ్చినాం."

నిన్న సాయంత్రం పెట్టె మూసేముందు సంఘమంతా వరసగా వచ్చి అవ్వ కుడిచెయ్యి పట్టుకుంది. ఎవరూ చెప్పలేదు. ఒకరు పట్టుకున్నారు, అందరూ పట్టుకున్నారు. నేనూ పట్టుకున్నా.

ఏడుపు అప్పుడొచ్చింది. దాని వెనకే నవ్వూ వచ్చింది.

పోయి రా అవ్వా. ఆడ వంక ఎండదు, తొందరపడే పని లేదు.

మోకాలు కూడా బాగా తడుపుకుని, నెమ్మదిగా ఉండు.