పాప కదిలితే వెలిగే తెర

మేడం పోయారన్న సంగతి నాకు మాటల్లో తెలియలేదు. ఆ పొద్దున్న తాడేపల్లిగూడెంలో మా కాలేజీ ల్యాబ్ తలుపు తీస్తుండగా కుమారి నుంచి వీడియో కాల్ వచ్చింది. కుమారికి పుట్టుకతోనే వినపడదు, మాటా రాదు. ఫోన్‌లో కనపడగానే నవ్వుతూ చెయ్యి ఊపే మనిషి, ఆ రోజు నవ్వలేదు. రెండు వేళ్ళతో ముక్కు మీద కళ్ళజోడు సర్దుకున్నట్టు చూపించింది. మా ఇద్దరి మధ్యా అది మేడం పేరు. తర్వాత చెంప కింద చెయ్యి పెట్టుకుని కళ్ళు మూసుకుంది. మళ్ళీ తెరిచి, తల అడ్డంగా ఊపింది. మేడం నిద్రలోంచి లేవలేదు.

ఏలూరులో ఒక మిషన్ స్కూల్లో ఆవిడ మాకు ఫిజిక్స్ చెప్పారు. పెళ్ళి చేసుకోలేదు. రిటైరయ్యాక వట్లూరులో చిన్న మేడ కట్టుకుని కింద వాటాలో ఉండేవారు. నేను ఎలక్ట్రానిక్స్ చదివి, అదే పాఠం చెప్పే ఉద్యోగంలో కుదురుకున్నానంటే ఆవిడ ల్యాబ్‌లో నేను గడిపిన గంటలే కారణం. ప్రయోగం తప్పితే మేడం ఎవరినీ కోప్పడేవారు కాదు. చీర కొంగుతో చేతి సుద్ద తుడుచుకుని, "సరే, ఇంకోసారి అడుగుదాం దాన్ని" అనేవారు. తీగలూ, అద్దాలూ, బ్యాటరీలూ అన్నీ ఆవిడకి మనం అడిగితే జవాబు చెప్పే మనుషుల్లాంటివే. జవాబు రాలేదంటే అడగడం సరిగ్గా రాలేదన్నమాట.

నాలుగేళ్ళ కిందట ఒక ఆదివారం నాకు ఫోన్ చేశారు.

"ఏవమ్మా, ఖాళీయేనా? నీతో పనిబడింది."

"చెప్పండి మేడం."

"మా మేడ మీదకి అద్దెకి వచ్చారమ్మా, మొగుడూ పెళ్ళాం. ఇద్దరికీ వినపడదు. మూడు నెలల పాప. అతను చేపల ప్యాకింగ్ షెడ్డుకి పోతాడు. ఆ అమ్మాయి జాకెట్లు కుడుతుంది. వాళ్ళత్తగారు కొల్లేటికోట నుంచి వచ్చి పిల్లని తీసుకెళ్ళిపోతానంటోంది. నువ్వొకసారి రావాలి."

వెళ్ళాను. మోకాళ్ళ నొప్పులతో ఏడాదిగా మెట్లెక్కని మేడం ఆ రోజు రెయిలింగ్ పట్టుకుని నా ముందే ఎక్కారు. పైన అత్తగారు పాపని ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. చేపల చెరువుల మీద పని చేసి గట్టిపడ్డ చేతులు. ఆవిడ చెడ్డమనిషేమీ కాదు, భయపడుతున్న మనిషి.

"ఏవండీ టీచరుగారూ, మీరే చెప్పండి. పిల్ల గుక్కపట్టి ఏడిస్తే దీనికి వినపడద్దా? ఏదన్నా అయితే ఎవరిదండీ పూచీ? పాలు మానేదాకా వీళ్ళిద్దర్నీ మా ఊరు రమ్మంటే రారు. పోనీ పిల్లనన్నా ఇమ్మంటే ఇవ్వదు."

కుమారి కుట్టుమిషన్ దగ్గర నిలబడి అత్తగారి పెదాలనే చూస్తోంది. ఆ మాటల్లో ఎంత అందిందో తెలియదు గానీ, అందాల్సింది అందింది. చీర కుచ్చిళ్ళని పిడికిట్లో పట్టుకుని ఉంది.

"ఎండాకాలం దాకా ఆగండమ్మా. మీరు మళ్ళీ వచ్చి చూడండి. అప్పటికీ మీకు ధైర్యం చాలకపోతే అప్పుడు మాట్లాడుకుందాం" అన్నారు మేడం.

ఆవిడ అయిష్టంగానే ఒప్పుకుని బస్సెక్కింది.

ముందు నేను శబ్దాన్ని పట్టుకునే పరికరం పెట్టాను. మిషన్ ముందు కూర్చుంటే పాప కుమారి వీపు వెనక పడుతుంది. పాప ఏడిస్తే కుట్టుమిషన్ ఎదురు గోడకి బిగించిన తెర మీద పాప బొమ్మ రావాలి. వచ్చింది. పాప ఏడ్చినప్పుడూ వచ్చింది, కింద మేడం కుక్కర్ విజిల్ వేసినప్పుడూ వచ్చింది, రైలు కూత పెట్టినప్పుడూ వచ్చింది. కుమారి పాపం ప్రతిసారీ లేచి పరిగెత్తేది. అది తీసేసి కెమెరా పెట్టి, తెర మీద పాప ఎప్పుడూ కనపడేలా చేశాను. రెండు రోజులు బాగానే ఉంది. మూడో రోజు మేడం ఫోన్ చేశారు.

"పనికిరాదమ్మా. మధ్యాహ్నమంతా స్టూలు వేసుకుని కూర్చుని చూశాను. మొదట్లో క్షణానికోసారి తలెత్తేది. ఇప్పుడు ఆ తెర గోడ మీద కేలండర్‌తో సమానం. ఎప్పుడూ వెలుగుతుంటే ఎవరూ చూడరు. అవసరానికి వెలగాలి."

అప్పుడు కదలికని కనిపెట్టే సెన్సర్ తెచ్చాను. మనిషి ఒంటి వేడి కదిలితే పసిగట్టే రకం అది. పాప పడుకునే చోటికి పైన బిగించాను. పాప నిద్రలో ఉన్నంతసేపూ తెర నల్లగా పడుకుంటుంది. కాలో చెయ్యో ఆడించిందా, భళ్ళున వెలిగి పాపని చూపిస్తుంది. చీకటిగా ఉన్నది ఒక్కసారి వెలిగితే కంటి చివరకైనా తగులుతుంది కదా. స్విచ్ వేసే ముందు మేడం స్కూల్లోలాగే "ఊఁ, చూద్దాం" అన్నారు. పాప కాలు జాడించింది. తెర వెలిగింది. కుమారి తలెత్తి, పాపని కాదు, మేడాన్ని చూసి నవ్వింది.

కానీ ఆ పూటే కుమారి లేచి, నేను గోడకి అంత శ్రద్ధగా బిగించిన తెరని విప్పేసింది. తెచ్చి మిషన్ మీద, సూది పక్కన ఆనించింది. తన కళ్ళని చూపించి, సూదిని చూపించింది. నా కళ్ళుండేది ఇక్కడ, గోడ మీద కాదు అని. మేడం పకపకా నవ్వారు. "మనం పాపెక్కడుందో చూశాం గానీ, తల్లి కళ్ళెక్కడుంటాయో చూడలేదమ్మా."

ఆ రోజుల్లోనే మేడం కుమారి దగ్గర చేతుల భాష నేర్చుకోవడం మొదలుపెట్టారు. డెబ్భయ్యో ఏటికి దగ్గర పడుతున్న మనిషి, పాఠం అప్పజెప్పే పిల్లలా వేళ్ళు తిప్పుకుంటూ కూర్చునేవారు. ఒకరోజు అన్నం తిన్నావా అని అడగబోయి పెళ్ళి చేసుకున్నావా అని అడిగారట. కుమారి నవ్వు ఆపుకోలేక దగ్గు తెచ్చుకుందట. "నవ్వితే నవ్వింది, ఆ అమ్మాయితో మాట్లాడే మనిషి ఈ ఇంట్లో ఇంకొకరు పెరిగారు కదా" అన్నారు మేడం నాతో.

మే నెలలో అత్తగారు వచ్చింది. మేడం నన్నూ రమ్మంటే వెళ్ళాను. పై వాటా కప్పు రేకులది, ఆ వేడికి కూర్చోలేకపోతున్నాం. ఫ్యాను వడగాలినే తిప్పుతోంది. పాప నిద్రపోతోంది, కుమారి ఒక జాకెట్టుకి చేతులు అతుకుతోంది. మేం ముగ్గురం గోడవార కూర్చుని ఆ తెర కేసే చూస్తున్నాం.

పాప కదిలింది. తెర వెలగలేదు. పాప కళ్ళు తెరిచి కాళ్ళు కొట్టుకుంది. వెలగలేదు. ఏడుపు అందుకుంది.

"చూశారా అండీ!" అంటూ అత్తగారు లేవబోయింది. మేడం ఆవిడ చెయ్యి పట్టుకుని, "ఒక్క నిమిషం" అన్నారు.

కుమారి కుట్టు చివరికి వచ్చింది. దారం తెంపింది. తెర వంక చూడనేలేదు. తల తిప్పి నేరుగా పాప కేసి చూసింది. ఒక్క అంగలో వెళ్ళి ఎత్తుకుని భుజాన వేసుకుంది. పాప ఏడుపు సన్నగిల్లింది. అప్పుడు గానీ మేం గమనించలేదు, ప్రతి కుట్టు చివరా ఆ అమ్మాయి అలా తల తిప్పుతూనే ఉందని. తెర వచ్చాక కూడా ఆ అలవాటు మానలేదు.

"ఆ తెర సాయానికమ్మా, అంతే. పిల్లని చూసుకునేది మీ కోడలు. తెర ఆగిపోయింది, ఆ అమ్మాయి ఆగలేదు. చూశారు కదా" అన్నారు మేడం మెల్లగా.

అత్తగారు లేచి వెళ్ళి, కోడలి నుదుటి మీద చెమట తన పైటతో తుడిచింది. "పిల్లని ఇక్కడే ఉంచండమ్మా. నేనే వస్తూ పోతూ ఉంటాను" అంది. ఆ మాట ఎవరితో అందో తెలియదు. కుమారికి మాత్రం ఆ తుడవడం అర్థమైంది. ఆ తర్వాత ఆవిడ వచ్చినప్పుడల్లా కొల్లేటి కొర్రమేను చేపలు ఒక వాటా పైకీ, ఒక వాటా కిందకీ వచ్చేవి.

సెన్సర్ ఎందుకు ఊరుకుందో నాకు తట్టలేదు. మెట్లు దిగుతూ మేడమే చెప్పారు. "వేడిని చూసే కన్నమ్మా అది. గదే మనిషి ఒంటంత వేడెక్కితే పాపని విడిగా ఎలా చూస్తుంది? ఇంకో రకం దాన్ని అడుగుదాం." వేడితో పని లేకుండా తరంగాలు పంపి కదలికని పట్టే రకం తెచ్చి పెట్టాను. అది ఎండకీ వానకీ పనిచేసింది. ఇప్పుడు మా కాలేజీలో పిల్లల చేత ఏటా అలాంటివి చేయిస్తున్నాను. వినపడని తల్లులున్న ఇళ్ళు వెతుక్కుని వెళ్ళి బిగిస్తున్నాం. తెర ఎక్కడ పెట్టాలో మాత్రం ఆ తల్లులనే అడుగుతున్నాం.

కుమారి కాల్ వచ్చిన మర్నాడు మధ్యాహ్నం మేడాన్ని చర్చి వెనక సమాధుల తోటకి తీసుకెళ్ళారు. తణుకు నుంచి తమ్ముడి పిల్లలు వచ్చారు. మా స్కూలు వాళ్ళం చాలామందిమి వచ్చాం. కొల్లేటికోట నుంచి అత్తగారు కూడా వచ్చి, ఎవరితోనూ మాట్లాడకుండా ఒక పక్కన నిలబడింది. పాస్టరుగారు ప్రార్థన మొదలుపెట్టారు. అందరం తలలు వంచాం. ఎందుకో నేను తలెత్తి చూశాను.

కుమారీ, ఆమె భర్తా తల వంచలేదు. మట్టి కుప్ప పక్కన వాళ్ళమ్మాయి నిలబడి ఉంది. అప్పటి పాపే, ఇప్పుడు నాలుగేళ్ళు, చెవులు చక్కగా వినపడే పిల్ల. పాస్టరుగారి మాటలు చెవులతో వింటూ, వాటిని తన బుల్లి చేతులతో అమ్మానాన్నలకి చెబుతోంది. తెలియని మాట వచ్చినప్పుడు ఆగి, ఆలోచించి, తనకి తోచినట్టు ఏదో చెబుతోంది. చుట్టూ అందరి కళ్ళూ మూసుకుని ఉన్నాయి. ఆ ఇద్దరి కళ్ళు మాత్రం ఆ వేళ్ళ మీద ఉన్నాయి.