బట్టను తిరగేసి చూసే మనిషి

ఇస్త్రీపెట్టె ఆవిరి తగలగానే దుప్పటిలోంచి కరక్కాయ వాసన లేచింది. ఎన్ని ఉతుకులు ఉతికినా పోని వాసన అది. కరక్కాయ రసంలో గేదెపాలు కలిపి, అందులో ముంచి ఎండబెట్టిన బట్టకు ఒక వగరు పాలవాసన పట్టుకుంటుంది. పెడనలో పుట్టినవాళ్ళకు దాని గురించి చెప్పక్కర్లేదు. బయట కెనడాలోని మా కేంబ్రిడ్జ్‌లో ఏప్రిల్ నెల మంచో వానో తేల్చుకోలేక రెండూ కలిపి కురిపిస్తోంది. సాయంత్రం నాలుగు లోపు ఈ దుప్పటి ఒకచోటికి చేరాలి. న్యాయంగా ఈ వాసనకు మా నాన్న గుర్తుకు రావాలి, ఆయన చేత్తో అద్దిన దుప్పటి కనక. కానీ ముందు మోరీన్ గారు గుర్తొస్తారు, ఆవిడ వెనకాల నాన్న వస్తాడు. ఆవిడే లేకపోతే నాన్నను నేను ఇలా తలుచుకునేదాన్నే కాదు.

మోరీన్ గారిది డబ్లిన్ నగరం. ఇరవై దాటీ దాటకుండానే ఐర్లాండు వదిలి, ఇక్కడి హెస్పెలర్ పేట‌లో ఉన్ని మిల్లులో పనికి వచ్చారట. మగ్గం మీంచి దిగిన బట్టను బల్లమీద పరిచి, వెనకవైపు వేళ్ళతో తడిమి, ముడులూ తెగిన పోగులూ సరిచెయ్యడం ఆవిడ పని. మేము ఈ ఊరొచ్చి ఆవిడ ఇంటి బేస్‌మెంట్‌లో అద్దెకు దిగేనాటికి ఆవిడకు డెబ్బై దాటాయి. మిల్లు అప్పటికే ఫ్లాట్లయిపోయింది. ఆవిడ మాట్లాడేది ఇంగ్లీషే, అందులోనూ డబ్లిన్ ఇంగ్లీషు, వానలా ఆగకుండా పడుతుంది. నాకు మాత్రం ఆవిడ మాటలన్నీ మా పెడన తెలుగులోనే గుర్తున్నాయి. ఎందుకో అడక్కండి.

దిగిన రెండో వారం కింద లాండ్రీ సింకులో నా కొత్త చున్నీ జాడిస్తున్నాను. మొదటి ఉతుకు కదా, నీళ్ళు ఎర్రగా మారాయి. మోరీన్ గారు మెట్లు దిగుతూ ఆ ఎరుపు చూసి "ఓరి దేవుడో, ఎక్కడ కోసుకున్నావే తల్లీ!" అని పరుగున వచ్చారు. రక్తం కాదు రంగని తెలిసి, గుండెలమీద చెయ్యి వేసుకుని నవ్వారు. తర్వాత అడిగీ అడక్కుండా నా చేతిలోంచి చున్నీ లాక్కుని వాసన చూశారు.

"ఏమిటీ వాసన? పాలా? ఆకులా?"

"ఏదో ఇండియన్ కాటన్ అండీ. షాపులో కొన్నాం," అన్నాను. అబద్ధం. మా నాన్న అద్దకం పనివాడు. రోజంతా బల్ల ముందు నిలబడి, టేకు అచ్చు రంగులో అద్ది, బట్టమీద పెట్టి, అరచేత్తో ఒక్కటి చరిచేవాడు. గోళ్ళలో నలుపు ఎప్పుడూ పోయేది కాదు. కాలేజీలో ఎవరైనా అడిగితే "టెక్స్‌టైల్ బిజినెస్" అనేదాన్ని. చర్చిలో పెళ్ళిచూపులప్పుడూ అదే చెప్పించాను. అంత సిగ్గు నాకు.

మోరీన్ గారు నా జవాబు వినిపించుకోలేదు. చున్నీని తిరగేసి, లైటుకు ఎత్తి పట్టుకుని, కళ్ళద్దాలు నుదుటిమీదికి తోసి వెతికారు. "వెనక చూడకుండా బట్ట గురించి మాట్లాడకూడదు," అన్నారు. కాసేపటికి ఒకచోట వేలు ఆగింది. రెండు అచ్చులు కలిసేచోట తీగ చిన్న వెంట్రుకవాసి తప్పింది. "ఇక్కడ ఒక చెయ్యి తడబడి సర్దుకుంది. ఇది మెషీను కాదు. ఎవరిదీ చెయ్యి?"

"మా నాన్నదండీ," అన్నాను. ఆ మాట గర్వంగా కాకపోయినా నిజంగా అనడం అదే మొదలు.

ఆ తర్వాత ఇక నన్ను వదిలితే ఒట్టు. నలుపు ఎలా వస్తుందన్నారు. తుప్పు పట్టిన ఇనుమూ బెల్లమూ కుండలో నానేస్తారన్నాను. ఎన్నాళ్ళన్నారు. ఎందుకు బెల్లమే అన్నారు. నాకు తెలియనివి అడిగితే మా అన్నయ్యకు ఫోన్ చేయించారు. నేను "గారు" అంటుంటే అదేమిటని ఆరా తీసి, ఆ మర్నాటినుంచి నన్ను "రత్నగారూ" అని పిలవడం మొదలెట్టారు. పోస్టు తెచ్చేవాడు కూడా "గారు" అయిపోయాడు పాపం.

ఆదివారాలు మా చర్చి అయ్యాక, ఆవిడ చర్చి అయ్యాక, ఇద్దరం హెస్పెలర్‌లో నది ఒడ్డున నడిచేవాళ్ళం. ప్రతి గోడ దగ్గరా ఆగి "ఇక్కడ ఇంతకుముందు ఏముండేది?" అనేవారు. డబ్లిన్ అంతా ఆ ప్రశ్నకు జవాబేనట. ఆవిడ నానమ్మ పెరిగింది ఒకప్పటి ప్రభువుల మేడలో. గుమ్మం మీద విసనకర్రలా విచ్చుకున్న గాజు కిటికీ, పైకప్పుకు సున్నంతో చేసిన ద్రాక్షగుత్తులూ రెక్కల పిల్లలూ. ప్రభువులు లండన్ వెళ్ళిపోయారు. మేడ గదికొక కుటుంబం లెక్కన బీదవాళ్ళతో నిండిపోయింది. "రెక్కల పిల్లల కింద తొమ్మిదిమంది పడుకునేవాళ్ళు. మేడ మొత్తానికీ పెరట్లో ఒకటే కుళాయి," అని నవ్వేవారు. ఊరి మధ్య నది, అటు గట్టువాళ్ళకు ఇటు గట్టువాళ్ళంటే పడదు. మా విజయవాడ, గుంటూరు సంగతి చెబితే పొట్ట పట్టుకుని నవ్వారు.

ఒకరోజు ఉన్నట్టుండి ఆగి, "రత్నగారూ, నేను మీకు ఒక క్షమాపణ బాకీ," అన్నారు.

ఆవిడ తల్లివైపు పూర్వీకులు ఫ్రాన్సులో మతం కోసం తరిమేస్తే డబ్లిన్ వచ్చి స్థిరపడ్డ పట్టు నేతగాళ్ళు. ప్రొటెస్టెంట్లు. "మీవాళ్ళే!" అన్నారు నా భుజం తట్టి. నగరం అంచున లిబర్టీస్ అనే పేటలో వీధి వీధంతా మగ్గాలేనట. అప్పుడు ఓడల్లో తూర్పునుంచి రంగుల అద్దకం బట్ట దిగింది. ఉతికినా పోని రంగు, చవక, తేలిక. దొరసానులంతా దానిమీద పడ్డారు. మగ్గాలు ఆగాయి. కడుపు మండిన నేతగాళ్ళు వీధుల్లో కాపు కాసి, ఆ బట్ట కట్టిన ఆడవాళ్ళ ఒంటిమీదే చించేవాళ్ళని ఆవిడ అమ్మమ్మ చెప్పేదట.

"ఆ బట్ట మీ బందరు రేవునుంచి వచ్చిందే అయ్యుంటుంది. మావాళ్ళు చించింది మీ తాతల పనే," అన్నారు.

"మరి మా తాతలకి ఒక్క ముక్క చెప్పాల్సింది కదండీ, ఇంకొంచెం గట్టి బట్ట పంపేవాళ్ళు!" అన్నాను. అప్పుడు మేం నవ్విన నవ్వుకు నదిలో బాతులు లేచాయి. కానీ ఆ రాత్రి నాకు తోచింది, నాన్న గోళ్ళలో నలుపు ఒక నగరాన్ని గడగడలాడించిందని. అంతవరకూ ఎవరూ నాకు అలా చెప్పలేదు.

మేం సొంత టౌన్‌హౌస్ కొనుక్కుని వెళ్ళేటప్పుడు ఆవిడకు ఏమివ్వాలా అని తెగ ఆలోచించాను. చివరికి నాన్న పోయేముందు అద్దిన ఆఖరి దుప్పటి పెట్టెలోంచి తీశాను. మా ఆయన ప్రభాకర్ "ఆలోచించుకో రత్నా, మళ్ళీ కావాలంటే రాదు," అన్నాడు. ఆలోచించే ఇచ్చాను. మోరీన్ గారు దాన్ని తిరగేసి చాలాసేపు చూశారు. మడిచి, లోపలికి తీసుకుపోయారు. ఏదో సొరుగు మూసిన చప్పుడు వినిపించింది.

అంతే. మళ్ళీ ఆ దుప్పటి నేను చూడలేదు. ఎప్పుడు వెళ్ళినా మంచంమీద పాత ఊదారంగు బొంతే. క్రిస్మస్‌కు బల్లమీద ప్లాస్టిక్ గుడ్డే. ఏడాది చూశాను, రెండేళ్ళు చూశాను. ప్రభాకర్ ఏడిపించేవాడు: "వాళ్ళ తాతలు చించారు, ఈవిడ దాచేసింది. ఇంప్రూవ్‌మెంటే కదే!" ఒకసారి ఉండబట్టలేక అడిగేశాను.

"మంచి చోటే ఉంది," అన్నారు.

"వాడుకోడానికి ఇచ్చానండీ, దాచుకోడానికి కాదు."

"వాడతాను తల్లీ, తొందరేముంది," అని టీ పోశారు. నేను ముఖం ముడుచుకుని టీ తాగకుండా లేచొచ్చేశాను. ఆ శీతాకాలమంతా ఆదివారం నడకకు ఏదో వంక చెప్పి ఎగ్గొట్టాను. ఇప్పుడు తలుచుకుంటే నన్ను నేనే రెండు తగిలించుకోవాలనిపిస్తుంది.

మార్చిలో ఆవిడ కూతురు ఊనా ఫోన్ చేసింది. నిద్రలోనే పోయారట. ఫ్యూనరల్ హోమ్‌కు కడసారి చూపుకు రమ్మంది. తెల్లచీర కట్టుకుని, తప్పుచేసిన దానిలా వెళ్ళాను. లోపల ఒకటే నవ్వులు, కబుర్లు, ఆవిడ గురించే; అది వాళ్ళ ఐరిష్ ఆనవాయితీట. శవపేటిక దగ్గరికి వెళ్ళి ఆగిపోయాను. నడుం నుంచి పాదాల దాకా మా నాన్న దుప్పటి. ఎర్ర తీగలు, నల్ల నెమళ్ళు. ఒక మూల మాత్రం పైకి మడిచి ఉంది, వెనకవైపు కనిపించేలా.

ఊనా నా చెయ్యి పట్టుకుంది. "అమ్మ నానమ్మ ఉన్న వీధిలో ఒక్కటే మంచి దుప్పటి ఉండేదంట రత్నా. ఒకావిడ సొరుగులో పెట్టుకునేది. ఎవరింట్లో పోయినా అది వెళ్ళేది. బతికినన్నాళ్ళూ చిరుగుల్లో ఉన్నా ఆఖరి రోజున అందరూ మంచి బట్టకింద పడుకోవాలని. తర్వాత ఉతికి, ఇస్త్రీ చేసి తిరిగిచ్చేవాళ్ళు. అమ్మ ఇక్కడ యాభై ఏళ్ళు వెతికింది, దానికి తగ్గ బట్ట కోసం." తర్వాత సొరుగులో దొరికిన చీటీ ఇచ్చింది. మోరీన్ గారి వంకర రాత: 'రత్నగారి నాన్నది. ఒక మూల తిప్పి పెట్టండి, చెయ్యి కనిపించాలి.'

నేను అక్కడే, అంతమంది నవ్వుల మధ్య, బావురుమన్నాను.

వారం తర్వాత ఊనా దుప్పటిని ఉతికి, మడతలు పెట్టి తెచ్చింది. ప్రభాకర్ గుమ్మంలోనే కంగారుపడ్డాడు. "శవం మీద కప్పింది మళ్ళీ ఇంట్లోకా? మనవాళ్ళు ఏమంటారు?" నేను దాన్ని తీసుకెళ్ళి సొరుగులో పెట్టాను. మనవాళ్ళు ఏమీ అనలేదు. నిన్న మా చర్చి పెద్ద ఏసుదాసు అంకుల్ పోయారు. బతికినన్నాళ్ళూ వేర్‌హౌస్‌లో అట్టపెట్టెలు మోసిన మనిషి. ఆంటీ ఫోన్‌లో ఏడుస్తూ తనే అడిగింది: "అమ్మా రత్నా, ఐరిష్ ఆవిడకి కప్పిన మీ నాన్న దుప్పటి, మా ఆయనకీ ఇస్తావా?"

ఇస్త్రీ అయిపోయింది. ప్రభాకర్ కారు స్టార్ట్ చేసి, లోపలికి వచ్చి, చేతులు కడుక్కుని మరీ దుప్పటి అందుకున్నాడు. "ఏ మూల తిప్పి పెట్టాలో నువ్వే చూపించు," అన్నాడు. తిరగేసి వేలితో వెతికాను. ఎడమ మూల, నెమలి తోక దగ్గర, తీగ వెంట్రుకవాసి తప్పిన చోటు. "ఇదిగో, ఇక్కడ," అన్నాను. "మా నాన్న చెయ్యి."