ఏడు వేళ్లకు పద్నాలుగు మీటలు

చింతామణిలో పట్టుగూళ్ల మార్కెట్ వెనక వీధిలో ఇప్పుడు మొబైల్ రీచార్జి దుకాణం ఉన్నచోట, అప్పట్లో ఒక పెంకుటిల్లు ఉండేది. పగలంతా అందులోంచి రెండు చప్పుళ్లు కలిసి వినబడేవి. ఒకటి అక్కయమ్మ పట్టు తీసే మోటారు రాట్నానిది. రెండోది ఆమె తమ్ముడు పురుషోత్తమ్ కీబోర్డుది. రాట్నం ఒకే తీరున తిరిగేది. కీబోర్డు మాత్రం గబగబా నాలుగు దెబ్బలు కొట్టి, ఆగి, మళ్లీ ఒకటి కొట్టేది. దారిన పోయేవాళ్లు ఎవరో కొత్తగా టైపు నేర్చుకుంటున్నారనుకునేవాళ్లు.

పురుషోత్తమ్‌కు ఏడు వేళ్లే. పట్టుదారానికి పురిపెట్టే మిషన్ల మీద పనిచేస్తుండగా, పందొమ్మిదో ఏట కుడిచేతి చివరి మూడు వేళ్లు బెల్టులో పోయాయి. బొటనవేలు, చూపుడువేలు మిగిలాయి, చూపుడువేలు మాత్రం చాలాకాలం సరిగా వంగేది కాదు. కట్టు విప్పిన నెలకే బస్టాండు దగ్గర కంప్యూటర్ సెంటర్లో చేరాడు. రెండేళ్లకు ప్రోగ్రాములు రాయడం వచ్చింది. బెంగళూరులో ఒక చిన్న కంపెనీ కాలేజీల హాజరు, మార్కుల ప్రోగ్రాముల పని ఇంటికే పంపేది. మాటలన్నీ ఫోన్లోనే. అతని చెయ్యి అక్కడెవరూ చూడలేదు. అతనూ చెప్పలేదు.

ప్రోగ్రాం రాసేవాళ్లకు బ్రాకెట్లతో, కొటేషన్ గుర్తులతో పని ఎక్కువ. అవి చాలావరకు కీబోర్డుకు కుడివైపున ఉంటాయి. వాటిలో సగం పడాలంటే ఇంకో మీట కూడా నొక్కిపట్టాలి. అందుకని పురుషోత్తమ్ తను ప్రోగ్రాములు రాసే ఎడిటర్‌కు తోడుగా సొంతంగా చిన్నచిన్న ఎక్స్‌టెన్షన్లు రాసుకున్నాడు. ఎడమచేత్తో ఒక మీట నొక్కితే బ్రాకెట్ల జత పడేది. ఇంకోటి నొక్కితే రోజుకు నలభైసార్లు రాయాల్సిన లైను మొత్తం వచ్చేది. కరెంటు పోయి వస్తే, పోయేటప్పుడు ఏ లైన్లో ఉన్నాడో అక్కడికే తీసుకుపోయేది మరొకటి. ఏడేళ్లలో అట్లాంటివి పద్నాలుగు అయ్యాయి.

2007 ఫిబ్రవరిలో కంపెనీ నుంచి శ్రీనివాసమూర్తి ఫోన్ చేశాడు.

"పురుషోత్తమప్పా, ఇంకమీద అందరూ కొత్త ఎడిటర్‌లోనే చెయ్యల్ల. పాతదాంట్లో చేసింది మాకు పనికిరాదు. ఇరవై దినాల్లో హాజరు ప్రోగ్రాంలో ఒగ మాడ్యూల్ చేసి పంపు. కాకపోతే ముందే చెప్పేయి, ఇంగొకరికి ఇస్తాం."

"అయితాది సార్," అన్నాడు పురుషోత్తమ్.

పాత ఎడిటర్ ఎక్స్‌టెన్షన్లు కొత్తదానిలో పనిచెయ్యవు. ఒక్కొక్కటీ వేరే భాషలో మళ్లీ రాయాలి. చేతిలో ఉన్న పని ఆపేసి, పద్నాలుగూ ఒకేసారి మార్చడానికి కూర్చున్నాడు. తొమ్మిది రోజులు పట్టింది. అన్నీ ఎక్కించి బ్రాకెట్ల మీట నొక్కితే ఆరు జతలు పడ్డాయి. ఇంకో మీట నొక్కితే రాసింది చెరిగిపోయింది. ఏది దేనికి అడ్డం పడుతోందో రెండు రోజులు వెతికినా దొరకలేదు. వెనకవైపు వసారాలోకి పోయి అక్క పక్కన కూలబడ్డాడు.

"ఏమిరా, మిషను చచ్చిందా? రెండు దినాల్నుంచి సప్పుడే లేదు," అంది అక్కయమ్మ.

"పద్నాలుగూ ఒగదాన్నొగటి కొట్టుకుంటాండాయక్కా. ఇంక తొమ్మిది దినాలే ఉండేది."

"నీ చెయ్యి సంగతి ఆయప్పకు చెప్పొచ్చు కదరా. ఇంగొక నెల ఇస్తాడు."

"ఇస్తాడు. ఆమీద ఇచ్చే ప్రతి పనీ ఈ చేతికే ఇస్తాడు. నాకు కాదు."

అక్కయమ్మ మళ్లీ ఆ మాట ఎత్తలేదు. ఆమె ముందు ఉడుకునీళ్ల తొట్టిలో గూళ్లు ఎగిరిపడుతున్నాయి. ఎనిమిది గూళ్ల కొసలు ఒక్క పోగై రాట్నానికి ఎక్కుతున్నాయి. ఒక గూడు అయిపోయింది. ఆమె ఇంకో గూడు కొస తీసి, నడుస్తున్న పోగు మీదికి విసిరింది. అది అంటుకుని పైకి పోయింది. రాట్నం తిరుగుతూనే ఉంది.

"పద్నాలుగు పద్నాలుగు అంటావు. అన్నీ దినామూ కావల్లనా నీకు?"

"ఏమో. ఎప్పుడన్నా చూసింటే కదా."

"పట్టు తీసే ఇంట్లో పెరిగి, రాట్నం నిలబెట్టి కొసలు కడతాండావే! తిప్పుతానే ఉండు. యాడ తక్కువైతే ఆడ ఒగటి ఎయ్యి. లెయ్ ఈడనుంచి, నీతో మాట్లాడి నా నీళ్లు సల్లారిపోతాండాయి."

పురుషోత్తమ్ లోపలికి పోయి పద్నాలుగూ తీసేశాడు. ఒట్టి ఎడిటర్‌లో మాడ్యూల్ మొదలుపెట్టాడు. పది నిమిషాలకే బ్రాకెట్ల మీట కావాల్సి వచ్చింది. అదొక్కటే ఎక్కించి, సరిచూసుకుని, మళ్లీ పనిలో పడ్డాడు. సాయంత్రానికి నాలుగు ఎక్కాయి. రెండు కలిసి కొట్టుకుంటే, తప్పు ఇప్పుడే వేసినదానిదని వెంటనే తెలిసిపోయేది. ఆరో రోజు మధ్యాహ్నం కరెంటు పోయింది. వెనక రాట్నం కూడా ఆగింది. కరెంటు వచ్చాక చూస్తే కొత్త ఎడిటర్ మొదటి లైన్లో నిలబడి ఉంది. కరెంటుదాన్ని అప్పుడు ఎక్కించాడు.

ఒక రోజు ముందే మాడ్యూల్ పంపాడు. అప్పటికి ఎక్కినవి పదకొండు. మిగతా మూడింటితో అవసరమే రాలేదు. అవి 2000లో, చూపుడువేలు ఇంకా సరిగా వంగని రోజుల్లో రాసుకున్నవి. ఆ పనులన్నీ ఆ వేలు ఎప్పుడో నేర్చేసుకుంది. అతనే గమనించలేదు.

పంపిన మూడో రోజు శ్రీనివాసమూర్తి ఫోన్ వచ్చింది.

"అందరికన్నా ముందు నీదే వచ్చిందప్పా. ఈడ మావాళ్లు ఇంకా తడుముకుంటానే ఉండారు. నీ ఫైళ్లతోబాటు ఏవో ఎక్స్‌టెన్షన్లు వచ్చినాయి, అవి మావాళ్లు ఏసుకున్నారు. బాగుండాయి. అయితే అన్నీ ఎడమపక్క మీటలే పెట్టినావే, నీది ఎడమచేతి వాటమా?"

"ఊ సార్. ఇప్పుడు అదే వాటం."

ఆ తర్వాత రెండేళ్లు ఆ కంపెనీలో పదివేళ్లవాళ్లంతా పురుషోత్తమ్ మీటలతోనే పనిచేశారు. ఎందుకు అట్లా పెట్టాడని మళ్లీ ఎవరూ అడగలేదు.

ఆ రోజు ఫోన్ పెట్టేసి వసారాలోకి పోయి, ఫోన్లో అన్నదీ, మూడు ఎక్కించకుండా మిగిలిపోయిందీ అక్కకు చెప్పాడు. ఆమె పోగు మీదనుంచి చూపు తిప్పలేదు.

"ఆ మూడూ ఏం జేస్తివి?"

"పాతదాంట్లోనే ఉండాయక్కా. తీసేసేకి మనసు రాలేదు."

"ఉండనీలే. కూడు అడుగుతాయా ఏమన్నా. ఆ గూళ్ల బుట్ట ఇట్ల జరుపు."