చౌడప్ప గోడ

కోడుమూరు నేతగాడు చౌడప్ప రోజూ మగ్గం దిగగానే బొగ్గుముక్కతో గోడమీద, నిన్నటిదాని పక్కన ఒక చుక్క పెట్టేవాడు. ఆనాడు ఎన్ని పోగులు తెగితే చుక్క అంత ఎత్తున పడేది. నూలు తెగుతోందన్నందుకు వ్యాపారి కేశవయ్య సంతలో పదిమంది ముందర "నా నూలుకేమప్పా, నీ పెండ్లాం గంజే సరిగా కాయదు" అన్నప్పటినుంచి ఇదే వ్రతం. చౌడప్ప పెండ్లాం మద్దమ్మ మళ్లీ సంత మొహం చూడలేదు. చౌడప్ప కొన్ని నెలలు నూలు మార్చకుండా నూలుకు పట్టించే గంజి ఒక్కటే పలచనా చిక్కనా చేయించాడు. తర్వాత గంజి మార్చకుండా, పడుగులో వేరే నూలు తగ్గిస్తూ కేశవయ్య నూలు కొంచెం కొంచెం పెంచాడు. పోగులు ఊరికే తెగే వడగాలి దినాలను లెక్కలోకే తీసుకోలేదు. ఏడాది తిరిగాక చుక్కలన్నీ గీతలుగా కలిపి, మీసం దువ్వుకుని, ఆ పదిమందినీ కేశవయ్యనూ ఇంటికి పిలిచాడు.

"ఏందప్పా ఈ గీతలు?" అన్నాడు కేశవయ్య.

"ఇది మా మద్దమ్మ గంజి. పండుకున్న పాము, యాడా తల ఎత్తలేదు. ఇది నీ నూలు. చూడు, ఎట్ల పడగెత్తుతాండాదో!"

అందరూ గొల్లున నవ్వారు. కేశవయ్య కండువాతో మొహం తుడుచుకుని, "సున్నం నేను పంపిస్తా, చెరిపెయ్యప్పా" అని గొణిగాడు.

ఆ సున్నంతోనే మద్దమ్మ ఉగాదికి మూడు గోడలు తెల్లగా కొట్టి, గీతలున్న నాలుగోదాని ముందర కుంచె కడిగేసుకుని, సంతకు బయలుదేరింది.