తెరచాప చూడని నావికుడు

మొన్న కోరుట్ల బస్టాండు పక్కన ఒక లారీకి టార్పాలిన్ బిగిస్తున్నారు. వానకు నానిన తాడు వాసన తగలగానే నా వేళ్లు ముడి వేస్తున్నట్టు కదిలాయి. ఆ ముడి నేర్పింది సిరిసిల్లలో మా పక్కింటి నర్సయ్య మామ. నౌకాదళంలో పదిహేనేళ్లు ఇంజను గదిలో పనిచేసి వచ్చాడు. ఆ హోరుకు ఒక చెవి పోయింది. ఎవరు మాట్లాడినా తల వంచి, మంచి చెవిని వాళ్ల వైపు తిప్పి, రహస్యం వింటున్నంత శ్రద్ధగా వినేవాడు.

ఏడో తరగతిలో ఒకరోజు ఇంగ్లీషు పాఠంలో యుద్ధనౌక ‘సెయిల్’ అయిందని వస్తే, బయలుదేరిందని చెప్పాల్సింది పోయి, తెరచాప ఎత్తి కదిలిందని అర్థం చెప్పాను. తరగతంతా నవ్వింది. సాయంత్రం మామ ముందు ఏడ్చేశాను.

“నువ్వు జెప్పింది గూడ నిజమే బిడ్డా,” అన్నాడు. “గా మాటల తెరచాప ఉన్నది. ఓడ మీదనే లేదు. పదిహేనేండ్లల్ల నేనొక్క తెరచాప సూడలే. గయినా నన్ను సెయిలరే అన్నరు.”

“ఇంజన్లు వచ్చినంక పేరు మార్చలేదా?”

“ఎందుకు మారుస్తరు? సముద్రం గదే, భయం గదే.”

తర్వాత ఒక తాడు తెచ్చి ముడులు వేయించాడు. పూర్వం ముడులు వేసిన తాడును నీళ్లలోకి వదిలి, అర నిమిషంలో ఎన్ని ముడులు జారాయో చూసి ఓడ వేగం తెలుసుకునేవారట. ఇప్పుడు యంత్రం చెప్పే వేగాన్ని కూడా ‘నాట్లు’ అనే అంటారట, అంటే ఇంగ్లీషులో ముడులు.

ఆ ఏడే మా బాపు చేమగ్గం అమ్మేసి, కరెంటుతో నడిచే మగ్గాలు, అంటే సాంచాల మీద పనికి కుదిరాడు. అప్పటినుంచి ఏం పని చేస్తావని ఎవరడిగినా మాట దాటేసేవాడు. హాస్టలు ఫారంలో తండ్రి వృత్తి దగ్గర “కూలి అని రాయి” అన్నాడు. రాశాను. మామ అది చూసి, కాగితం పట్టుకుని నేరుగా మా ఇంటికొచ్చాడు.

“ఇదేంది బావా?”

“మగ్గం అమ్ముకున్నోన్ని, నేతోన్ని ఎట్లయిత? సాంచ నేస్తది, నేను నిలవడి సూస్త.”

“తెగిన పోగు ఎవలు అతుకుతరు?”

బాపు మామ చేతిలోంచి కాగితం లాక్కున్నాడు.

“నేను గూడ ఇంజను పక్కన నిలవడి సూసినోన్నే,” అన్నాడు మామ. “గాలి సంగతి తెల్వనోన్ని సెయిలరెట్లయిత అని నాకూ సిగ్గయ్యేది. మా పెద్దసారు ఒక్కటే అన్నడు: ఓడ మునిగితే నువ్వు గూడ మునుగుతవు గదా అని.”

బాపు తన చేతుల వైపు చూసుకున్నాడు. తర్వాత నా కలం అందుకుని ‘కూలి’ని కొట్టేసి, పక్కన ‘నేత’ అని రాశాడు. ఎంత ఒత్తి రాశాడంటే కాగితం చిరిగింది. దాన్ని అలాగే బడిలో ఇచ్చాను.

చివరి రోజుల్లో మామ జగిత్యాలలో కూతురి దగ్గర ఉన్నాడు. చూడటానికి వెళ్లేసరికి రెండో చెవి కూడా పోయింది. “మీ బాపు ఏం జేస్తుండు?” అని గట్టిగా అడిగాడు. పలక మీద “నేస్తుండు” అని రాశాను. దాన్ని రెండుసార్లు చదువుకుని, పలకను ఒళ్లో పెట్టుకున్నాడు. నేను బయలుదేరేదాకా తుడవనివ్వలేదు.

ఇప్పుడు నేను కోరుట్లలో పిల్లలకు ఇంగ్లీషు చెబుతున్నాను. ఎవరైనా తప్పు అర్థం చెప్పి తరగతి నవ్వితే, ముందు నవ్వు ఆపిస్తాను. ఆ తర్వాత ఆ తప్పులో ఎంత నిజముందో పిల్లలందరితో కలిసి వెతుకుతాను.