నక్షత్రాల ఓడ, పసుపు అంటిన గేజీ

రిటైర్మెంటుకు ఇంకా మూడేళ్లుందనగా, ఒక జూన్ మొదటి వారంలో నన్ను క్వాలిటీ ఇన్‌ఛార్జిగా జహీరాబాద్ యూనిట్‌కు మార్చారు. ట్రాక్టర్లలో గేర్లను తిప్పే ఇనుప షాఫ్టులు తయారుచేసి పెద్ద ఫ్యాక్టరీలకు పంపే చిన్న కంపెనీ మాది. పేరు చెప్పను. ఇప్పుడది మూతపడింది కూడా. మాది తెనాలి వైపు. జహీరాబాద్ అంటే ముంబై రోడ్డు మీద చెరుకు లారీల వెనక ఇరుక్కుపోయే చోటు అని మాత్రమే అప్పటిదాకా నాకు తెలుసు.

నా పని కొలవడం. ముప్ఫై అయిదేళ్లు అదే చేశాను. కొలతకు అందని దేన్నీ పెద్దగా పట్టించుకునేవాణ్ణి కాదు. పూజలు మా ఆవిడ డిపార్ట్‌మెంటు, కథలు మా అక్క డిపార్ట్‌మెంటు అని నవ్వుతూ అనేవాణ్ణి. నవల అనేది ఒకటి చివరిదాకా చదివి ఎన్నేళ్లయిందో గుర్తు కూడా లేదు.

సంగారెడ్డిలో అద్దెకు దిగాను. రోజూ స్టాఫ్ బస్సులో గంటకు పైగా ప్రయాణం. సదాశివపేటలో ఖాజా భాయ్ ఎక్కేవారు. మెషిన్ షాపు ఫోర్‌మన్, నా ఈడువారే. ఎక్కగానే సంచిలోంచి ఇటుకంత ఇంగ్లీషు పుస్తకం తీసి, కళ్లజోడు పెట్టుకుని, జహీరాబాద్ వచ్చేదాకా తల ఎత్తేవారు కాదు. మెషిన్ మీద కేకలు వేసే మనిషి బస్సులో అంత నిశ్శబ్దంగా ఎలా ఉంటారో నాకు అంతుపట్టేది కాదు. ఒకరోజు ఉండబట్టలేక అడిగాను. "ఆస్మాన్‌ల ఓడ కథ, రావు సాబ్. అయిదు భాగాలున్నయి. మొదటిది జర చదివి చూడున్రి. నచ్చకుంటె వాపస్ ఇయ్యున్రి" అన్నారు.

నచ్చదనే తీసుకున్నాను. ఒక ఊరంత ఓడ, తరతరాలుగా ఒక నక్షత్రం నుంచి మరో నక్షత్రానికి పోతూ ఉంటుంది. యుద్ధాలున్నాయి, కుట్రలున్నాయి, సామ్రాజ్యాలున్నాయి. అవన్నీ సరే. నన్ను పట్టుకున్నది మాత్రం ఆ ఓడలోవాళ్ల భక్తి. భూమి చుక్కలా కూడా కనపడనంత దూరం వచ్చాక ఏ దిక్కుకు తిరిగి మొక్కాలని వాళ్లకు పెద్ద తగాదా వస్తుంది. చివరికి ఆ గదిలో అందరికంటే నీరసంగా ఉన్న మనిషి ఎటు ఉంటే అటు తిరగాలని తీర్మానం చేసుకుంటారు. ఆ పేజీ దగ్గర నేను పుస్తకం మూసి కిటికీలోంచి చెరుకు తోటలు చూస్తూ కూర్చున్నాను. ఖాజా భాయ్ ఓరకంట చూసి, "ఆ తీర్మానం కాడికి వచ్చిన్రా?" అన్నారు.

ఆ పుస్తకాలతో ప్రేమలో పడ్డాను. అరవైకి దగ్గరపడ్డ మనిషి అనాల్సిన మాట కాదేమో గానీ, నిజం అదే. ఉదయం బస్సు కోసం ఎదురుచూడ్డం మొదలైంది. బస్సు టైరు పంచరైతే సంతోషించిన మొట్టమొదటి క్వాలిటీ ఇన్‌ఛార్జిని నేనే అయివుంటాను.

అన్నిటికంటే నాకు ప్రీతిపాత్రమైనది ఆ ఓడ తలుపుల కాపరి. ముసలావిడ. బయటి శూన్యంలోకి తెరుచుకునే తలుపుల బాధ్యత ఆవిడది. ముందు గాలి ఒత్తిడి చూపించే ముల్లు చూసుకోవాలి, తర్వాత ప్రార్థన చెప్పాలి, తర్వాతే తలుపు తియ్యాలి. అచ్చం మా పనిలాగే ఉందే అనుకునేవాణ్ణి.

ఇక్కడ మా పని కొంచెం చెప్పాలి. షాఫ్టు మందం చూడటానికి స్నాప్ గేజీ అని ఒక సాధనం ఉంటుంది. దానికి రెండు సందులు. 'గో' సందులో షాఫ్టు దూరాలి. 'నో-గో' సందులో దూరకూడదు. దూరిందంటే షాఫ్టు ఉండాల్సినదానికంటే సన్నం, పక్కన పెట్టాలి. ఆ గేజీ సరిగ్గా ఉందో లేదో వారానికోసారీ, సెలవు తర్వాత మొదటి ఉదయమూ షిఫ్టుకు ముందు, మందం కచ్చితంగా తెలిసిన ఉక్కు బిళ్లలతో సరిచూసి, ఇన్‌ఛార్జి రిజిస్టర్లో సంతకం చెయ్యాలి. ఆ తర్వాత లైన్ ఇన్‌స్పెక్టర్ దాంతో పని మొదలుపెడుతుంది. మా లైన్ ఇన్‌స్పెక్టర్ అనిత. మొగుడంపల్లి నుంచి వచ్చేది. కాంట్రాక్టు ఉద్యోగం, ఆర్నెల్లకోసారి రెన్యువల్. ఆమె చూసి పాస్ చేసిన ప్రతి పెట్టె మీదా ఆమె స్టాంపు నంబరు పడుతుంది.

దసరాకు ముందు రోజు ఆయుధపూజ. మెషిన్లన్నీ కడిగి, నిమ్మకాయలు కట్టి, గుమ్మడికాయ కొట్టారు. గేజీలు కూడా పీట మీద పెట్టి పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టారు. పూజ కాగానే పైపైన తుడిచి డబ్బాల్లో సర్దేశారు. పండగ అయ్యాక వాటిని స్పిరిట్‌తో కడిగి, బిళ్లలతో సరిచూడాలని నియమం. ఆ నియమం రాసింది నేనే.

పండగ మర్నాడు బస్సులో మూడో భాగం చదువుతున్నాను. ఓడ తలుపు అవతల మనుషులు చిక్కుపడ్డారు, ముసలావిడ తలుపు దగ్గరకొచ్చి నిలబడింది. బస్సు ఆగిపోయింది. ఇంకా రెండు పేజీలే ఉన్నాయి. లోపలికి వెళ్లి, రిజిస్టర్ తెరిచి, 'సరిచూడబడినది' అన్న గడిలో సంతకం గీకి, నా బల్ల దగ్గర కూర్చుని ఆ రెండు పేజీలూ చదివాను. ముసలావిడ ప్రార్థన మాత్రం చెప్పి, ముల్లు చూడకుండా తలుపు తీసేస్తుంది. సొంత చెల్లెలు పోతుంది. తర్వాత అందరి ముందూ నిలబడి, దీన్ని దేవుడి మీద వెయ్యను, నేను చూడలేదు అని చెబుతుంది. చదివి కళ్లు తుడుచుకున్నాను. అదే పని ఇప్పుడే నేనూ చేశానని ఒక్క క్షణం కూడా తట్టలేదు. ఏం చెప్పను నా తెలివి సంగతి.

నాలుగో రోజున కొనుగోలుదారు ఫ్యాక్టరీ నుంచి ఫోన్ వచ్చింది, షాఫ్టులు సన్నంగా ఉన్నాయని. మేం పండగ తర్వాత పంపిన లోడే అది. ఇంకా ట్రాక్టర్లకు ఎక్కించలేదు, అదొక్కటే అదృష్టం. గేజీ తెప్పించి దీపం కింద పెట్టి చూశాను. నో-గో సందు లోపల రెండు వైపులా పసుపు పొరలా ఎండిపోయి ఉంది. గో సందు మాత్రం తళతళలాడుతోంది. ఎందుకంటే రోజంతా షాఫ్టులు దూరి దూరి అక్కడి పసుపు రాలిపోయింది. నో-గోలో ఏదీ దూరదు కదా, అక్కడి పసుపు అక్కడే ఉండిపోయింది. ఆ మేరకు సందు బిగిసింది. పండగ తర్వాత గ్రైండింగ్ మెషిన్ కొంచెం ఎక్కువే అరగదీసింది. సన్నబడ్డ షాఫ్టులు సందులో దూరక, మంచివాటిలా పాసైపోయాయి.

యూనిట్ మేనేజర్ పెట్టెల మీద నంబరు చూసి, అనిత రెన్యువల్ ఆపేస్తున్నట్టు నాతో అన్నారు. గేజీ సరిగ్గానే ఉందని రిజిస్టర్లో మీ సంతకం ఉందిగా, వాడటంలో ఆ అమ్మాయే పొరపాటు చేసిందన్నారు. విచారణ మర్నాడు పదకొండింటికి.

నేను ఆయన్ని సరిదిద్దలేదు, పసుపు సంగతీ చెప్పలేదు. నాకు భయం వేసింది. ముప్ఫై అయిదేళ్లలో ఒక్క మెమో లేని మనిషిని. సాయంత్రం బస్సులో ఖాజా భాయ్‌కి మాత్రం చెప్పాను. ఆయన పుస్తకం మూశారు. "మేం నమాజుకు ముందు కడుక్కుంటం. మీరు పూజ అయినంక కడగాలె. ఎవరికైనా కడుగుడు తప్పదు రావు సాబ్" అని నవ్వారు. తర్వాత నవ్వు ఆపి, "ఆ ముసలామె మీకు గంతగనం ఎందుకు నచ్చిందో ఒక్కసారి సోచాయించున్రి" అన్నారు.

మర్నాడు పదింటికే మేనేజర్ గదికి వెళ్లి, చేత్తో రాసిన రిపోర్టు ఇచ్చాను. ఆ రోజు నేను గేజీ సరిచూడలేదు, చూడకుండా సంతకం చేశాను, ఇన్‌స్పెక్టర్ తప్పు లేదు. అంతే రాశాను. నాకు వార్నింగ్ లెటర్ వచ్చింది, ఆరు నెలలు సంతకం చేసే అధికారం పోయింది. అనిత రెన్యువల్ అయింది. ఆ లోడు మొత్తం కొనుగోలుదారు యార్డులోనే విడివిడిగా కొలవమని మమ్మల్ని పంపారు. ఖాజా భాయ్, అనిత, నేను రెండు రోజులు ఎండలో కూర్చుని ఒక్కొక్క షాఫ్టూ కొలిచాం. అంత తేలికగా ఊపిరి తీసుకుని పనిచేసిన రోజులు నా సర్వీసులో తక్కువ. ఆ పుస్తకాలు రాసినవారెవరో గానీ, వారికీ, వాటిని నా చేతిలో పెట్టిన ఖాజా భాయ్‌కీ చేతులెత్తి మొక్కుతాను. అవి చదవకపోతే ఆ రిపోర్టు నేను రాసేవాణ్ణని గట్టిగా చెప్పలేను.

రెండో రోజు భోజనాల దగ్గర అనిత టిఫిన్ డబ్బా మూత పెడుతూ అంది. "ఆ రోజు మీరు గేజీ డబ్బనే తెరవలే సార్. నేను చూసిన."

మరి మేనేజర్‌కి ఎందుకు చెప్పలేదని అడిగాను.

"పదకొండు గంటల దాక చూద్దామనుకున్న. మీరు చెప్పకుంటె నేనే చెప్తుంటి. అయినంక మీ కింద మాత్రం పని చెయ్యకపోతుంటి" అని లేచి చేతులు కడుక్కోవడానికి వెళ్లింది.

ఆ ఉదంతం నాకు నేర్పింది ఇంతే. సంతకం పెట్టే చేతిని కింద పనిచేసేవాళ్లు చూస్తూనే ఉంటారు. తప్పు పట్టుకున్నాక కూడా మనకు కొంత గడువు ఇస్తారు. ఆ గడువు ఎప్పుడు మొదలైందో, ఎప్పుడు ముగుస్తుందో మనకు చెప్పరు.