నైరుతి మూల తలుపు

పుంగనూరు అగ్నిమాపక కేంద్రానికి నేను స్టేషన్ ఫైర్ ఆఫీసరుగా వచ్చింది కరోనా నెమ్మదించిన తర్వాతి వేసవిలో. అంతకుముందు మదనపల్లెలో లీడింగ్ ఫైర్‌మన్‌గా చాలా ఏళ్లు చేశాను. లీడింగ్ ఫైర్‌మన్ అంటే మంట దగ్గర నలుగురిని నడిపించేవాడు. స్టేషన్ ఆఫీసరంటే ఆ నలుగురి సెలవుల నుంచి బండి బ్రేకుల దాకా అన్నిటికీ జవాబు చెప్పుకోవలసినవాడు. వేసవిలో గడ్డివాములు, బావుల్లో పడిన ఆవులు, మదనపల్లె రోడ్డులో బోల్తాపడిన టమోటా లారీలు, ఇవి మా రోజువారీ పనులు. జనానికి కనిపించేవి ఇవే. కనిపించని పని ఇంకోటి ఉంది. జనం గుమిగూడే కట్టడాలను చూసి, మంట లేస్తే మనుషులు బయటపడగలరా లేదా అని తేల్చడం. ఒళ్లు కాలే ప్రమాదం మొదటి పనిలో ఎక్కువ, కడుపు మండే ప్రమాదం రెండోదానిలో ఎక్కువ.

పుంగనూరు దాటి మదనపల్లె పోయే దారిలో పాత చింతపండు గోడౌను మీద ఒక అంతస్తు వేసి, దాన్ని దుస్తుల ఫ్యాక్టరీ చేశారు. కింద బట్ట నిల్వ, కత్తిరింపు. మీద కుట్టు మిషన్లు. కుట్టేవాళ్లంతా ఆడవాళ్లే. ఒకప్పుడు వేరుశనగ కలుపులకూ టమోటా కోతలకూ పోయిన ఇళ్లవాళ్లు, ఇప్పుడు పొద్దున్నే షేర్ ఆటోల్లో దిగి నెల జీతానికి కుట్టేవారు. మా బండి డ్రైవరు గంగులప్ప భార్య సుగుణమ్మ కూడా అక్కడే పనిచేసేది. యజమాని పేరు మునిరత్నం. ఊళ్లో మర్యాద ఉన్న మనిషి.

అటువంటి హాలుకు రెండు దారులు ఉండి తీరాలన్నది మా నిబంధన. ఒకటి పొగతో మూసుకుపోతే రెండోది మిగలాలి, దాని వెనక ఇంతకు మించిన శాస్త్రమేమీ లేదు. అక్కడ ముందువైపు సిమెంటు మెట్లు ఉన్నాయి. వెనక నైరుతి మూలన ఇనుప మెట్లు, వాటి మీదికి తెరుచుకునే తలుపు పెట్టించిన తర్వాతే, నేను రాకముందు, మా శాఖ ఎన్ఓసీ ఇచ్చింది. ఎన్ఓసీ అంటే ఈ కట్టడాన్ని వాడుకోవడానికి మాకు అభ్యంతరం లేదని ఇచ్చే పత్రం. పని జరిగినంతసేపూ ఆ వెనక తలుపుకు తాళం ఉండకూడదని అందులో షరతు.

ఛార్జి తీసుకున్న కొత్తలో చెప్పకుండా తనిఖీకి పోయాను. తలుపుకు తాళం లేదు. తలుపే కనబడలేదు. దానికి అడ్డంగా నిలువెత్తు టేకు గూడు, అందులో పెద్ద వెంకటేశ్వరస్వామి పటం, పూలు, వెలుగుతున్న దీపం. చుట్టూ బట్ట ముక్కలూ నూలు పొట్టూ. తలుపేదని అడిగితే మునిరత్నం చాలా వినయంగా చెప్పాడు.

"ఆ మూల వాకిలుంటే నష్టమొస్తాదని సిద్ధాంతి చెప్పినాడు సార్. నైరుతిలో బరువుండాలంట. అందుకే స్వామిని పెట్టుకున్యాం."

స్వామి ఉండటానికి నాకు అభ్యంతరం లేదనీ, తలుపు ముందు ఉండటానికే అభ్యంతరమనీ చెప్పాను. ఆయన నా చొక్కా మీది నేమ్‌ప్లేటు వైపు ఒకసారి చూశాడు. దాని మీద సామ్యేలు అని ఉంది.

"మీకీ పట్టింపులు తెలీవులే సార్," అన్నాడు, నవ్వుతూనే.

నేను మదనపల్లెలో మిషన్ ఆసుపత్రి క్వార్టర్సులో పుట్టి పెరిగినవాణ్ణి. పట్టింపులు తెలియకపోవడమేమిటి? అన్ని రకాల పట్టింపుల మధ్యే పెరిగాను. అయినా నన్ను అధికారి స్థానంలోంచి దింపి మతం స్థానంలో కూర్చోబెట్టడానికి ఆయనకు పట్టింది ఒక్క చూపు.

తిరిగి వస్తుంటే బండిలో గంగులప్ప అన్నాడు, "దేవుడి గూడు ఈశాన్యంలో గదా సార్ ఉండాల్సింది. నైరుతిలో యాడన్నా పెడతారా?" అసలు సంగతి కూడా అతనే చెప్పాడు. "ఆడోళ్లు ఆ ఇనప మెట్ల మీద నిలబడి ఫోన్లు మాట్లాడతాండారని మూసేసినాడంట. తాళమేస్తే మీరు అడగతారు. స్వామిని పెడితే ఎవురడగతారు?"

నాకు ఒళ్లు మండిపోయింది. భక్తి అయితే నేను చేతులు జోడించి, మరో చోటు చూద్దామని బతిమాలి ఉందును. ఇది భక్తి కాదు. దేవుణ్ణి జీతం లేని వాచ్‌మన్‌గా కుదుర్చుకోవడం. మర్నాడే నోటీసు ఇచ్చాను. గూటిని పూజారి చేత, వాళ్ల పద్ధతి ప్రకారమే, ఈశాన్యానికి మార్చుకోమనీ తలుపు తెరవమనీ రాశాను. నోటీసు వరకే నా చేతిలో పని. గడువు దాటితే మూయించడానికి పైనుంచి ఉత్తర్వు రావాలి.

ఉత్తర్వు రాలేదు కానీ వాట్సాప్ వచ్చింది. 'దేవుణ్ణి తీసెయ్యమన్న అధికారి' అని నా ఫోటోతో సహా ఊరంతా తిరిగింది. ఎవరో పదిమంది స్టేషను గేటు దగ్గరికొచ్చి నినాదాలు చేసి పోయారు. మా బండి వాళ్ల గడ్డివాముల దగ్గరికి పోయినప్పుడు ఎవరూ నా పేరు అడగలేదు. అంతకు ముందు, మదనపల్లెలో ఉండగా, కురబలకోట వైపు ఓ చిన్న ప్రార్థన మందిరంలో వెనక గుమ్మానికి అడ్డంగా వేసిన వేదికను నేనే పట్టుబట్టి జరిపించాను. అప్పుడు మా వాళ్లు "నువ్వు మనోడివే గదప్పా, నీకేమొచ్చింది?" అని నెలల తరబడి నాతో మాట్లాడలేదు. దాన్ని గురించి ఎవరూ వాట్సాప్ పెట్టలేదు. పై ఆఫీసు నుంచి మాత్రం ఫోను వచ్చింది. విషయం సున్నితమైనదట, కొన్నాళ్లు ఆగమన్నారు. మంటకు కూడా ఆగమని చెబుతారా అని అడిగాను. ఫోను పెట్టేశారు.

దసరా ఆర్డర్ల ఒత్తిడిలో, ఓ మధ్యాహ్నం, ఆ ఫ్యాక్టరీ నుంచే కాల్ వచ్చింది. ముందు మెట్ల కింద ఉన్న కరెంటు ప్యానెలు అంటుకుంది. గంట కొట్టగానే ఎప్పటిలాగే అందరూ బండెక్కారు. అడ్రసు చెప్పినప్పుడు గంగులప్ప మొహం చూశాను. స్టీరింగు పట్టుకుని బయల్దేరాడు.

మేము చేరేసరికి మెట్లదారి మొత్తం నల్లటి పొగ. మీది కిటికీల దగ్గర ఆడవాళ్ల అరుపులు. కిటికీ కింద ఈశ్వరమ్మ అనే నడివయసు మనిషి పడి ఉంది. దూకేసింది. కరెంటువాళ్లకు ఫోను చేసి లైను ఆపించాను. ఇద్దరు ఫైర్‌మన్లు గాలి సిలిండర్లు వీపున కట్టుకుని గొట్టంతో ముందునుంచి పోయారు. మరో ఇద్దరిని నిచ్చెనతో కిటికీలకు పంపాను. మా శాఖలో డ్రైవరే పంపు కూడా నడపాలి. పంపు నడుస్తున్నంతసేపూ అతను దాన్ని వదిలి అంగుళం కదలకూడదు, కదిలి ప్రెషరు తగ్గిందంటే లోపల గొట్టం పట్టుకున్నవాడి ప్రాణం మీదికొస్తుంది. గంగులప్ప పెళ్లాం ఆ పొగలో ఉంది. గంగులప్ప మీటరు వైపే చూస్తూ పంపు దగ్గర నిలబడ్డాడు. నీటి ఒత్తిడి ఒక్కసారి కూడా తగ్గలేదు.

వెనకవైపుకు నేను పరుగెత్తాను, ఆ తలుపును బయటినుంచి పగలగొట్టడానికి గొడ్డలితో. నేను మూల తిరిగేసరికి తలుపు తెరిచి ఉంది. ఇనుప మెట్ల మీద ఆడవాళ్లు ఒకరి వెనక ఒకరు దగ్గుతూ దిగుతున్నారు. చిట్టచివర సుగుణమ్మ దిగింది, వెంకటేశ్వరస్వామి పటాన్ని రెండు చేతులా గుండెకు హత్తుకుని. నేను ముందుకు పోయి గంగులప్పతో, సుగుణమ్మ దిగిందని చెప్పాను. "సరే సార్," అని మళ్లీ మీటరు వైపు తిరిగాడు. మంట ఆరిపోయి పంపు ఆపాక బండి చక్రం పక్కన కూలబడి ఏడ్చాడు.

లోపల ఏం జరిగిందో సుగుణమ్మే నాకు వాంగ్మూలంలో చెప్పింది.

"ముందు ఎవురూ గూటిని ముట్టుకోలా సార్. పొగ వస్తాండాది, స్నానం చేసినోళ్లెవురని అడగతాండారు. ఒకామైతే నిలబడి చెప్పులిప్పతాండాది. ఈశ్వరమ్మక్క ఇంక దోవ లేదని కిటికీలోంచి దూకేసింది. నాకు ఆ పొద్దు ముట్టకూడదు సార్. అయినా ముట్నా. ఇంట్లో పిలకాయలుండారు గదా. నేను స్వామిని ఎత్తి పట్టుకుంటే, అందరూ కలిసి గూటిని లాగేసినారు. గడియ తుప్పు పట్టింటే స్టూలుతో కొట్టినాం."

పొగలో మనిషికి దొరికే వ్యవధి చాలా తక్కువ. ఆ వ్యవధిలో చెప్పులు విప్పించినవాణ్ణి నేనీ రోజుకీ క్షమించలేదు.

తర్వాత జరిగింది మంటకన్నా నీచం. గేటు ముందు పెద్ద ఫ్లెక్సీ లేచింది, స్వామే మా కార్మికులను కాపాడాడని. నిజానికి కార్మికురాలు స్వామిని కాపాడింది. ఆమె మైల సంగతి ఎలాగో బయటికి పొక్కింది. మునిరత్నం పటానికి సంప్రోక్షణ చేయించాడు, ఈసారి ఈశాన్యంలోనే పెట్టించాడు. ఫ్యాక్టరీ మళ్లీ తెరిచినప్పుడు అందరికీ కబురు వెళ్లింది, సుగుణమ్మకు తప్ప. నేను పోయి అడిగితే, "మిగతా ఆడోళ్లు ఒప్పుకోరు సార్," అన్నాడు. అబద్ధమనుకున్నాను. విచారిస్తే కొందరు నిజంగానే ఒప్పుకోలేదు. ఆమె తెరిచిన తలుపులోంచి దిగి వచ్చినవాళ్లే.

ఇక రిపోర్టు. ప్రతి ప్రమాదం మీదా స్టేషన్ ఆఫీసరు కారణం, నష్టం, మనుషులు బయటపడిన తీరు రాసి పైకి పంపాలి. 'దేవుని గూటితో మూసివేసి ఉన్న వెనుక ద్వారాన్ని కార్మికురాలు సుగుణమ్మ తెరవగా మిగిలినవారు బయటపడ్డారు' అని రాశాను. పై ఆఫీసులో ఒకాయన నన్ను పిలిపించి కుర్చీ వేయించి, టీ ఇప్పించి, ఆ వాక్యం మార్చమన్నాడు. 'కార్మికులు వెనుక ద్వారం గుండా సురక్షితంగా బయటపడ్డారు' అంటే సరిపోతుందట. ఇందులో అబద్ధమేముందని అడిగాడు.

అబద్ధమేమీ లేదు, అదే దాని దుర్మార్గం. ఆ వాక్యం నిలబడితే వెనక దారి తెరిచే ఉన్నట్టు. దారి తెరిచి ఉంటే, కిటికీలోంచి దూకిన ఈశ్వరమ్మది తెలివితక్కువతనం. తుంటి విరిగి ఇక ఏనాటికీ మిషను ముందు కూర్చోలేని ఆ మనిషికి ఎవరూ బాధ్యులు కానక్కర్లేదు. ఆయనకు ఇదంతా తెలుసు. తెలిసే టీ ఇప్పించాడు. నేను టీ తాగలేదు, వాక్యం మార్చలేదు. గట్టిగానే అరిచి వచ్చాను. ఆ అరుపుకు నేనేమీ సిగ్గుపడటం లేదు.

కొద్ది రోజుల్లోనే నన్ను కుప్పానికి బదిలీ చేశారు. పరిపాలనా కారణాలు అని రాశారు. ఈశ్వరమ్మ నష్టపరిహారం కేసు ఇంకా నడుస్తూనే ఉంది, వకీలు చేతిలో ఉన్న ఆధారం ఆ వాక్యమే. సుగుణమ్మ ఇంట్లో మిషను పెట్టుకుని జాకెట్లు కుడుతోంది. ఇనుప మెట్లు దిగి వచ్చి, ఆమెతో కలిసి పనిచెయ్యం అన్నవాళ్లలో ఇద్దరు ఇప్పుడు ఆమె దగ్గరే కుట్టించుకుంటారట. గంగులప్ప చెప్పాడు.

కుప్పంలో రిటైరయ్యేదాకా నా తనిఖీ పద్ధతి మార్చుకున్నాను. ఒకప్పుడు మేనేజరు తలుపు తెరిచి చూపిస్తే నేను టిక్కు పెట్టుకునేవాణ్ణి. ఆ తర్వాత మేనేజరును కూర్చోబెట్టి, మిషను దగ్గరున్న ఎవరో ఒకామెను పిలిచి, "అమ్మా, ఆ తలుపు తీసి కిందికి దిగి రా" అనేవాణ్ణి. చాలామంది లేచి, తీసి, దిగేవారు.

ఉద్యోగం చివరి రోజుల్లో ఓ కొత్త యూనిట్లో అలాగే ఒక అమ్మాయిని అడిగాను. తలుపుకు తాళం లేదు, అడ్డం లేదు, దారిలో చిన్న పెట్టె కూడా లేదు. ఆమె లేచింది, రెండడుగులు వేసింది, ఆగి మేనేజరు మొహం వైపు చూసింది.

నేను సంతకం పెట్టలేదు. తలుపంతా బాగానే ఉంది కదా, ఎందుకు పెట్టరని మేనేజరు అడిగాడు. ఆమె మీ వైపు చూడకుండా తెరిచిన రోజు పిలవండి, వస్తానని చెప్పి బండెక్కాను.